అడకత్తెరలో హీరో!

మన సినిమాల్లో ముసలి తల్లిదండ్రులకు కష్టమొచ్చిందంటే దాని వెనక ఒక సుపుత్రుడూ, వాడి చెవిలో ఊదే ఒక కోడలూ ఉండి తీరాలి. ఇంటర్వెల్ దాకా పెద్దవాళ్ళు ఏడుస్తారు. క్లైమాక్సులో కొడుకులు ఏడుస్తారు. మొదట్నించీ చివరిదాకా మనం ఏడుస్తాం. ఆనక శుభం కార్డు!

1972లో వచ్చిన 'బడిపంతులు' చూశారు కదా? బి.ఆర్.పంతులు 1958లో కన్నడంలో తీసిన 'స్కూల్ మాస్టర్'కి తెలుగు రూపం. మాస్టారు ఎన్.టి.రామారావు ఒక కొడుకింట్లో, భార్య అంజలీదేవి మరో కొడుకింట్లో. ఆస్తి పంచుకున్నట్టు అమ్మానాన్నల్ని పంచేసుకున్నారు పుత్రరత్నాలు. అందులో మనవరాలిగా ముద్దుముద్దుగా ఆడిన పసిపిల్ల శ్రీదేవి. ఏడేళ్ళు తిరిగేసరికి, 1979లో, 'వేటగాడు'లో అదే తాతగారి పక్కన హీరోయిన్! సినిమా తాతగార్లకు వయసు వెనక్కి నడుస్తుంది. మన ఇళ్ళలో తాతగార్లకు ఆ సౌకర్యం లేదు. ఏటికేడాదీ ఇంకాస్త వంగిపోతారు, అంతే.

ఆ ఇళ్ళలోకి ఒక్కసారి తొంగి చూడండి. పొద్దున్నే పిల్లాడికి క్యారేజీ కట్టాలి, మామగారికి బి.పి. మాత్ర ఇవ్వాలి, అత్తగారికి షుగరు కాబట్టి టిఫిను ఆలస్యం కాకూడదు. స్కూలు ఫీజు కట్టాల్సిన జూన్‌లోనే నాన్నగారి కంటికి శుక్లాల ఆపరేషనూ వచ్చిపడుతుంది. అమ్మాయికి పరీక్షలు, టీవీ కట్టెయ్యాలి. తాతగారికి చెవుడు, టీవీ గట్టిగా పెట్టాలి. ఈ మధ్యన నలిగే మొగుడూపెళ్ళాలు విలన్లంటారా? 1981లో అమెరికాలో డొరతీ మిల్లర్ అనే సోషల్ వర్కర్ వీళ్ళకి 'శాండ్విచ్ తరం' అని పేరుపెట్టింది. మనవాళ్ళయితే అడకత్తెరలో పోకచెక్క అనేవారు.

ఈ పోకచెక్కని సానుభూతితో చూసిన దర్శకులు లేకపోలేదు. 1937లో హాలీవుడ్‌లో లియో మెక్‌కేరీ 'మేక్ వే ఫర్ టుమారో' తీశాడు. ఇల్లు బ్యాంకు పాలై, ముసలి దంపతులు పిల్లల ఇళ్ళకు చెరో దారీ అవుతారు. కోడలు నాలుగు డబ్బుల కోసం ఇంట్లో బ్రిడ్జి పేకాట నేర్పుతూ ఉంటే, అత్తగారు అదే గదిలో ఊగే కుర్చీ వేసుక్కూచుంటుంది. కుర్చీ కిర్రు కిర్రుమంటుంది. వచ్చినవాళ్ళకి ఆట సాగదు. కోడలి ఇబ్బందీ నిజమే, అత్తగారి ఒంటరితనమూ నిజమే. తప్పెవరిదో మెక్‌కేరీ తీర్పు చెప్పడు.

ఆ సినిమా ప్రేరణతోనే 1953లో జపాన్‌లో ఓజు 'టోక్యో స్టోరీ' తీశాడు. ఊరినించి తాతా బామ్మా వస్తారు. వాళ్ళకి చోటు చెయ్యడానికి మనవడి బల్ల జరిపేస్తారు. 'నేనెక్కడ చదువుకోవాలి?' అని వాడి గోల. కొడుకు డాక్టరు. ఆదివారం అందర్నీ ఊరు చూపించడానికి బయల్దేరేవేళ పేషెంటు కోసం పిలుపొస్తుంది. షికారు రద్దు! ఆ ఇంట్లో దుర్మార్గుడెవడూ లేడు. ఉన్న చోటూ, ఉన్న టైమూ చాలలేదు, అంతే.

మన దేశంలో 2007లో తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం వచ్చింది. అందులో 'పిల్లలు' అంటే కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు అని రాశారు. కోడలి పేరు లేదు. కానీ రాత్రి రెండింటికి మామగారు దగ్గితే లేచేదెవరో చట్టం చేసినవాళ్ళకీ తెలుసు, మీకూ తెలుసు! ఇక పరాయి దేశంలో ఉన్న అన్నగారు ఆదివారం ఫోన్ చేసి, "నాన్నకి సరిగ్గా చూపిస్తున్నార్రా?" అంటాడు. దూరానున్నవాడు బంగారం, దగ్గరున్నవాడు దోషి. దూరపు కొండలు నునుపని ఊరికే అన్నారా?

'బడిపంతులు' కొడుకులు అమ్మానాన్నల్ని పంచుకున్నారు. మనం పంచుకోవలసింది చాకిరీని. అన్నగారు డబ్బుతోబాటు ఏడాదిలో ఒక నెల వచ్చి ఆ మంచం పక్కన పడుకోవాలి. కూతురు తన వంతు తను పుచ్చుకోవాలి. కొడుకు కూడా మాత్రల లెక్క నేర్చుకోవాలి. పెద్దవాళ్ళకి అన్నిటికన్నా బాధ ఏమిటంటే, మనం భారమైపోయామే అనుకోవడం. పది చేతులు పడితే ఆ మాట వాళ్ళ నోట రాదు.

నిర్మాతలూ, కథ రెడీగా ఉంది! హీరోకి నలభై దాటాయి, కంటి నిండా నిద్ర లేదు. హీరోయిన్‌కి ఒక చేతిలో మాత్రల అట్ట, ఇంకో చేతిలో హోంవర్కు పుస్తకం. ఫైట్లక్కర్లేదు. డ్యూయెట్ మాత్రం ఒకటి పెట్టండి. స్విట్జర్లాండ్ వద్దు. వాళ్ళిద్దరూ పావుగంట తీరిగ్గా కూచుని వేడివేడి కాఫీ తాగితే చాలు!