షితాబుఖానుకి ఏ వేషం వేద్దాం?

ప్రతి ఏటా వార్షికోత్సవం దగ్గరపడగానే మన హాస్టల్లో చారిత్రక నాటికకి రిహార్సల్స్ మొదలవుతాయి. కథ ఏదైనా సరే, అందులో ఒక తురక సర్దారు తప్పకుండా ఉంటాడు. నల్లగడ్డం అతికించుకుని, కళ్ళురిమి, ఊళ్ళు తగలబెట్టి, చివరి రంగంలో కత్తిపోటు తిని పడిపోతాడు. ఆ వేషం ఎవరికిస్తారో అందరికీ తెలుసు. షేక్ అనో సయ్యద్ అనో ఇంటిపేరున్న తమ్ముడికి. "నీకైతే మేకప్ అక్కర్లేదురా" అని నవ్వుతారు. వాడూ నవ్వుతాడు. ఆ నవ్వు గురించే మేము ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

మిత్రులారా, గుళ్ళు కూలలేదని మేము వాదించబోవడం లేదు. 1323లో ఢిల్లీ సేనలు ఓరుగల్లును పట్టుకున్నాయి. స్వయంభూ శివాలయం కూలింది. ఊరిపేరు సుల్తాన్‌పూర్ అయింది. ఆ కష్టకాలంలో మన గోదావరి అడవుల అండన నిలదొక్కుకున్నవాడు ముసునూరి ప్రోలయ నాయకుడు. అతని విలస తామ్రశాసనం చెప్పే రాజధాని పేరు రేకపల్లి. అవును, మన వి.ఆర్.పురం దగ్గరి రేకపల్లే! సెలవులకి ఆ దారిన ఇంటికెళ్ళే తమ్ముళ్ళలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? దేవుళ్ళకి, బ్రాహ్మణులకి జరిగిన అపచారాలతోపాటు రైతు పండించిన పంట రైతుకి దక్కకుండా పోయిందని కూడా ఆ శాసనం వాపోతుంది. శాసనాల్లో రైతు గోడు అంతగా వినిపించదు కాబట్టి ఆ రాగిరేకు మీద మాకు ప్రత్యేకమైన గౌరవం.

అయితే కథ అక్కడ ఆగలేదు. ప్రోలయ తర్వాత వచ్చిన కాపయ నాయకుడు ఓరుగల్లు నుంచి ఢిల్లీ వాళ్ళను తరిమేశాడు. తరిమి, తనకు తాను పెట్టుకున్న బిరుదుల్లో ఒకటి 'ఆంధ్ర సురత్రాణ'. సురత్రాణుడంటే మరెవరో కాదు, సుల్తానే! శత్రువు పేరు అతనికి మైల అనిపించలేదు. 1347లో హసన్ అనే ముస్లిం సర్దారు ఢిల్లీ మీద తిరగబడి బహమనీ రాజ్యం స్థాపిస్తే, కాపయ అతనికి సాయం చేశాడని చరిత్రకారులు చెప్తారు. ఆ బహమనీలే తర్వాత కాపయ మీదికొచ్చి గోల్కొండను లాక్కున్నారు. చివరికి కాపయ ప్రాణం పోయింది మాత్రం సుల్తాను చేతిలో కాదు, రేచర్ల నాయకులతో జరిగిన యుద్ధంలో. ఇందులో మతం ఎంత, కోట ఎంత, కప్పం ఎంత? లెక్క మీరే వేయండి.

ఇక మన ఖమ్మం కోట సంగతి. 1500 ప్రాంతంలో ఈ కోట సీతాపతి అనేవాడి చేతిలో ఉండేది. బహమనీల కొలువులో పైకొచ్చినవాడు, హిందువు, బోయవాడని కొందరంటారు. లోకానికి తెలిసిన పేరు మాత్రం షితాబుఖాను. వరంగల్లు కూడా పట్టుకుని, కాకతీయుల నాటి దేవతలను తిరిగి నిలబెట్టానని 1504లో సంస్కృతంలో శాసనం వేయించాడు. ఆ శాసనంలోనూ తన పేరు చివర 'ఖాను' తీసేయలేదు. తర్వాత గోల్కొండ సుల్తాన్ కులీ చేతిలో ఓడి, ఒరిస్సా గజపతి పంచన చేరాడు. కృష్ణదేవరాయలు గజపతి మీదికి దండెత్తినప్పుడు ఈ ఖానే అరవైవేల విలుకాండ్రతో కనుమ దగ్గర అడ్డుపడ్డాడని రాయవాచకం చెప్తుంది. (అరవైవేలు అతిశయోక్తే అనుకోండి. మన మెస్ రిజిస్టరు లెక్కల్లాంటిది.) అంటే రాయలూ హిందువే, గజపతీ హిందువే, అడ్డం నిలిచిన ఖానూ హిందువే. 1515లో రాయలు కొండవీడు పట్టుకున్నప్పుడు దొరికిన గజపతి సామంతుల్లో మల్లూఖాను, ఉద్దండఖాను అనే ముస్లిం సర్దారులున్నారు. ఇప్పుడు చెప్పండి, మన నాటికలో గడ్డం ఎవరికి అతికిస్తారు?

ఇది మన దగ్గరే జరిగిన వింత కాదు. స్పెయిన్ దేశంలో క్రైస్తవ రాజ్యాలకీ ముస్లిం రాజ్యాలకీ మధ్య వందల ఏళ్ళపాటు సరిహద్దు యుద్ధాలు సాగాయి. ఆ దేశపు క్రైస్తవులు మహావీరుడని కొలిచే రోడ్రిగోని 1081లో సొంత రాజే దేశం నుంచి వెళ్ళగొట్టాడు. అతను సరగోస్సా ముస్లిం రాజు కొలువులో చేరి, 1082లో బార్సిలోనా క్రైస్తవ ప్రభువును ఓడించి బంధించాడు. అతని బిరుదు 'సిద్'. అది అరబ్బీ 'సయ్యిద్'. మనకి షితాబుఖాను ఎలాగో, వాళ్ళకి ఆ సిద్ అలాగ. తేడా ఒక్కటే. వాళ్ళు అతని మీద కావ్యం రాసుకున్నారు, మనం మనవాడి పేరే మరిచిపోయాం.

భద్రాద్రి కథనీ ఇలాగే ముక్కలు చేసి చెప్పుకుంటున్నాం. రామదాసును చెరలో పెట్టినవాడు తానీషా అన్నంతవరకే గుర్తు. నేలకొండపల్లి గోపన్నకి తహసీల్దారు ఉద్యోగం దొరికింది ఆ తానీషా సర్కారులోనే. జైలు పడింది రాముణ్ణి కొలిచినందుకు కాదు, శిస్తు సొమ్ముతో గుడి కట్టినందుకు. ఆ గోల్కొండను 1687లో కూల్చింది ఎవరు? ఔరంగజేబు. తానీషా దౌలతాబాదు కోటలో ఖైదీగానే చనిపోయాడు. ఆయన మొదలుపెట్టాడని చెప్పుకునే ముత్యాల తలంబ్రాలు మాత్రం నేటికీ ప్రతి శ్రీరామనవమికి సర్కారు నుంచి వస్తూనే ఉన్నాయి.

ఈ యుద్ధాలన్నింటిలో మన తాతముత్తాతలు ఎక్కడున్నారు? డాలుకి తోలు, జీనుకి తోలు, భేరికి తోలు. అవి ఎవరి చేతుల మీదుగా వచ్చాయి? అడవిలో దారి చూపిందెవరు? గుర్రాలకి గడ్డి కోసిందెవరు? వాళ్ళ పేర్లు ఏ శాసనంలోనూ లేవు. రాముడి విగ్రహాలు మొదట చూసిందని చెప్పే కోయ ముసలమ్మ పోకల దమ్మక్క పేరు నిలిచిందంటే జనం నోట నిలిచింది. గోల్కొండ గెలిచినా గజపతి గెలిచినా వీళ్ళ పని వీళ్ళకి తప్పలేదు. మరి ఎవరి తరఫున మనం స్టేజీ మీద కత్తులు తిప్పుతున్నట్టు?

అందుకే మా ప్రతిపాదన ఇది. వచ్చే వార్షికోత్సవానికి షితాబుఖాను మీద నాటిక వేద్దాం. కోట దగ్గర్లోనే ఉంది, రంగస్థలానికి అడ్డతెర కూడా అక్కర్లేదు, మెట్లే చాలు. తోలు పనివాడికి, దారి చూపిన కోయదొరకి కూడా డైలాగులు ఉండాలి. రేకపల్లి వైపు ఊళ్ళు 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి, పోలవరం ముంపు కూడా అటే. అక్కడి పాత మిత్రులు తమ పెద్దవాళ్ళ దగ్గర ఈ కథలేమైనా ఉంటే ఊళ్ళు ఖాళీ కాకముందే రాసి పంపాలి. వేషాలు మాత్రం చీటీలు తీసి ఇద్దాం. ఖాను వేషం యాదయ్యకి రావచ్చు, రాయల వేషం సయ్యద్‌కి రావచ్చు. గడ్డం ఒక్కటే ఉంది కాబట్టి, దాన్ని ఎవరు పెట్టుకోవాలో డైరెక్టర్ తమ్ముడు రిహార్సల్స్‌కి ముందే తేల్చుకోవాలి.