గాలి జల్లెడను మార్చవలసిన దెప్పుడు?



మూడేండ్ల క్రిందట మా చిన్నవానికి ఉబ్బసము పొడసూపినప్పుడు, వాడు పరుండు గదిలో గాలిని వడగట్టు యంత్రము, అనగా ఎయిర్ ప్యూరిఫయరు, ఒకటి అమర్చితిమి. మాది విశాఖపట్టణము. మా వీధిలో కిటికీ గడపపై వ్రేలుంచి తీసినచో నల్లని ధూళి యంటని దినము లేదు. బడిపంతులుగారి జీతమునకు ఆ యంత్రమే మించిన వెల; అందులోని ఫిల్టరు మార్చవలెనన్న మరల రెండున్నర వేలు. కావున దానిని ఎన్నాళ్లు ఈడ్చుకొని రాగలమా యని చూచితిమి. ఈ సంకటము మీలో ననేకులకు ఉండునని తలచి, మేము చేసిన పొరపాట్లతో సహా వ్రాయుచున్నాము.

యంత్రముపై నొక చిన్న దీపము కలదు. అది యెఱ్ఱబడినప్పుడు ఫిల్టరు మార్చవలెనని విని, దానినే నమ్మితిమి. పోయిన మార్గశిరములో ప్రక్కవారు పాత మేడ పడగొట్టి క్రొత్తది కట్టసాగిరి. సిమెంటు, సున్నము, ఇటుకపొడి ఇంటినిండ. దీపము పచ్చగనే యున్నది. పిల్లవాడు మాత్రము అర్ధరాత్రి లేచి కూర్చుండి, భుజము లెగరవేయుచు ఊపిరికై తన్నుకొనసాగెను. వైద్యులు చెప్పిన రీతిని ఇన్‌హేలరు పట్టించి, వీపు నిమురుచు తెల్లవార్లు కూర్చుంటిమి. ఉదయమున మూత తీసి చూతుము గదా, ఫిల్టరు మడతలన్నియు బూడిదరంగు కంబళివలె పూడిపోయి యున్నవి!

మాసినదానిని చూచిన గృహిణి చేతు లూరకుండునా? కుళాయి క్రింద పెట్టి కడిగి, నీడ నారబెట్టితిమి. "క్రొత్తదానివలె నున్నదే, అమ్మాయీ!" అని మా అత్తగారు మెచ్చుకొనిరి. రెండున్నర వేలు మిగిలినవని మేమును మురిసితిమి. నాల్గవనాటి రాత్రి పిల్లవానికి మరల అదే యవస్థ. అప్పుడు గాని యంత్రముతో వచ్చిన పుస్తకమును తీసి మొదటినుండి చదువలేదు.

దీపము ధూళిని చూడదట. యంత్రము నడచిన గంటలను మాత్రమే లెక్కించునట. కొన్ని యంత్రములలో ధూళిని కొలుచు సాధనము వేఱుగ నుండును గాని, అదియు గదిలోని గాలిని చూచునదే కాని ఫిల్టరును చూచునది కాదు. ప్రక్క ఇంట గోడలు కూలుచున్నవని దీపమున కెట్లు తెలియును?

ఇక లోపలి పొరల సంగతి. ముందున్న జల్లెడ వెండ్రుకలను, నూగును ఆపును. దానిని రెండు వారముల కొకసారి కడుగవలెను. ఏసీలోని జల్లెడయు నిట్టిదే. చిరుగువరకు మార్చ నక్కఱలేదు. దాని వెనుకనున్న హెపా యను ఫిల్టరు 0.3 మైక్రాను రేణువులలో నూటికి 99.97 పాళ్లు పట్టునది. కడుగవచ్చునని ప్రత్యేకముగ వ్రాసియుండినగాని దీనికి నీరు తగులరాదు. తడిసిన సన్నని నారలు చెదరి, కంటికి తెల్లగ కనుపించుచునే వడపోత గుణమును పోగొట్టుకొనును. మాకు జరిగినది ఇదే.

అట్లని కొంచెము బూడిదరంగు కాగానే పాఱవేయుటయు దండుగ. ధూళి చేరినకొలది సందులు ఇఱుకై, గాలియే తక్కువగ పోవును. గది శుభ్రపడుట మందగించును. దీనికి మేమొక ఉపాయము కనిపెట్టితిమి. ఫిల్టరు క్రొత్తగ నున్ననాడే, పూలు కట్టు దారము జానెడు ముక్కను గాలి వచ్చు కంతయొద్ద పట్టి, ఎంత యెగురునో చూచుకొనవలెను. తరువాత నెల కొకసారి యంత్రమును అంతే వేగమున నడపి చూడవలెను. జల్లెడ కడిగియున్నను దారము వ్రేలాడుచున్నచో ఫిల్టరునకు కాలము తీరినదే. దినమెల్ల నడపు ఇండ్లలో ఇది సాధారణముగ ఆరు నెలలకును ఏడాదికిని నడుమ వచ్చును.

బొగ్గుపొర సంగతి వేఱు. అది నిండినను కంటి కగపడదు. నిఘంటువులలో గాలికి గంధవహుడని పేరుండనే యున్నది గదా. పోపు ఘాటు మునుపటికంటె ఎక్కువసేపు గదిలో నిలిచినచో ఆ పొర పని యైపోయినట్లే. తడిగోడవంటి ముక్కువాసన వచ్చినచో బూజు పట్టినదని తలచి, ఫిల్టరు ఎంత క్రొత్తదైనను తీసివేయవలెను. సముద్రపు తేమగల ఊళ్లలో దీనిని మఱువరాదు. యంత్రము ప్రక్కనే దోమలబత్తి వెలిగించువారిని మేమెఱుగుదుము. వారి ఫిల్టరు ఆయువు వారి చేతిలోనే యున్నది.

మార్చునపుడు పిల్లలను దూరముగ నుంచి, ముక్కునకు గుడ్డ కట్టుకొని, పాతదానిని దులుపక సంచిలో మూటగట్టి పాఱవేయవలెను. యంత్రమున్నదని వైద్యులిచ్చిన మందు మానరాదు.

మేము క్రొత్తది తెప్పించి, చట్రముపై తేదీ వ్రాయించితిమి. ప్రక్క మేడకు ఇంకను రెండంతస్తులు లేవవలసి యున్నవి. కావున మరియొకదానికై ఈ నెలనుండియే పప్పుడబ్బాలో నాలుగువందలు వేయుచున్నాము.