గరాజు కబుర్లు: అరగని అంచు

పోయిన సంచికలో లేతు మిషను గురించి రాశాక, "ఈసారి మీ గరాజులో ఏం వండుతున్నారు మాస్టారూ?" అని ఒకరిద్దరు మిత్రులు ఫోను చేసి అడిగారు. వాళ్ళు వేళాకోళానికి అన్నా, ఈసారి పని నిజంగా వంటకు సంబంధించినదే.

మన సంఘం వంటగదిలో వెట్ గ్రైండరు ఉంది కదా. పండగ విందుకు గారెల పిండి రుబ్బేది అదే. సంక్రాంతికి అది పూనకం వచ్చినట్టు ఊగింది. వంటల బాధ్యత చూసే సోదరి నన్ను పిలిచి, "అన్నయ్యగారూ, ఉగాదికి మూడు వందల మంది వస్తారు. మిక్సీలో రుబ్బితే గారెలు రాళ్ళవుతాయి. దీన్ని ఏం చేస్తారో మీ ఇష్టం" అన్నారు. విప్పి చూస్తే తొట్టి కింద ఉండే పెద్ద పుల్లీకి బిగించే స్క్రూ వదులై, షాఫ్టు దూరే బెజ్జం ఒక పక్కకు అరిగిపోయింది. ఇక్కడి దుకాణాల్లో దానికి సరిపడే పుల్లీ లేదు. ఆ బెజ్జాన్నే పెద్దది చేసి, లోపల ఇనుప బుష్షు బిగించాలి. బెజ్జం చుట్టూ లోహం పలచనే కనుక ఒక్కసారికే అవకాశం. తప్పు చోట తొలిస్తే ఆ పుల్లీ మరి పనికిరాదు.

మన దేశపు గ్రైండరు ఇక్కడ ఎక్కువగా ఊగడానికి ఇంకో కారణం కూడా ఉంది. మనం ట్రాన్స్‌ఫార్మరు పెట్టి 120 వోల్టులను 230 చేస్తాం. కానీ ట్రాన్స్‌ఫార్మరు వోల్టులను మారుస్తుందే గాని సైకిల్స్‌ను మార్చదు. అక్కడ సెకనుకు 50 సైకిల్స్, ఇక్కడ 60. అందుచేత ఈ మోటారు ఇక్కడ దాదాపు అయిదో వంతు ఎక్కువ వేగంతో తిరుగుతుంది. బరువు ఒక పక్కకు జరిగిన చక్రం లాగే బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 1.2ను 1.2తో గుణిస్తే 1.44. అక్కడ నూరు పాళ్ళు ఊగేది ఇక్కడ నూట నలభై నాలుగు పాళ్ళు ఊగుతుందన్నమాట.

ఇక పనిలోకి వద్దాం. మిల్లింగ్ మిషనులో పనిముట్టు తిరుగుతుంది, వస్తువు కింద బల్ల మీద కదలకుండా ఉంటుంది. బల్లను రెండు చేతి చక్రాలతో కుడి ఎడమలకూ, ముందు వెనకలకూ జరపవచ్చు. నా దగ్గరున్నది పాత బ్రిడ్జ్‌పోర్ట్. కనెటికట్ రాష్ట్రంలోని అదే పేరు గల ఊళ్ళో పుట్టి, 1938లో అమ్మకానికి వచ్చిన రకం. తొలిచే ముందు మిషను ఇరుసు సరిగ్గా పుల్లీ నడిమి మీదికి రావాలి. దీన్నే సెంటరు పట్టడం అంటారు.

విజయవాడ ఆటోనగర్ లేతు షాపుల్లో పాత మేస్త్రీలు దీనికి సుద్దముక్క వాడేవారు. తిరుగుతున్న వస్తువుకు సుద్దను మెల్లగా దగ్గరకు తెస్తే, ఎత్తుగా ఉన్న వైపే గీత పడుతుంది. ఆ వైపు నుంచి వస్తువును కాస్త లోపలికి నెడతారు. గీత చుట్టూ సమానంగా పడితే సెంటరు దొరికినట్టే. కొలబద్ద లేదు, అంకె లేదు. నేను చేసిన పరికరం ఆ సుద్దముక్కకు మనవడే.

మామూలుగా ఒక డయలు ఇండికేటరును ఇరుసుకు తగిలించి, దాని ముల్లును అంచుకు ఆనించి చుట్టూ తిప్పుతారు. చిక్కేమిటంటే ముల్లుతో పాటు డయలూ తిరిగిపోతుంది. అది మిషను వెనక్కి వెళ్ళినప్పుడు మనం అద్దం పట్టుకుని, మెడ వంచి చూడాలి. ఈ వయసులో నా మెడ అందుకు ఒప్పుకోదు. ముల్లు తిరుగుతున్నా డయలు మన వైపే నిలిచి ఉండే కో-ఆక్సియల్ ఇండికేటర్లు బజారులో దొరుకుతాయి. కానీ ఇంట్లో సామాను పెట్టుకుని బజారుకు పోవడం ఎందుకని చేసుకున్నాను.

అర అంగుళం ఉక్కు కడ్డీ తీసుకుని, పై భాగాన్ని మిషనులో బిగించడానికి వదిలి, దాని కింద కొంత మేర 8 మిల్లీమీటర్లకు సన్నం చేశాను. మా అబ్బాయి పాత రోలర్ స్కేట్ల నుంచి తీసిన 608 బేరింగులు రెండు దాని మీద ఎక్కాయి. వాటి లోపలి బెజ్జం 8 మిల్లీమీటర్లు, బయటి కొలత 22. వాటి మీద అల్యూమినియం దిమ్మ ఒకటి తొడిగి, ఆ దిమ్మకు డయలు బిగించాను. దిమ్మకు పొడవాటి కమ్మీ ఒకటి ఉంది. అది మిషను స్తంభానికి ఆనుకుని దిమ్మను తిరగనివ్వదు. కడ్డీ లోపల తిరుగుతుంది, డయలు మాత్రం మన మొహం చూస్తూ ఉంటుంది.

బేరింగుల కింద, కడ్డీ మీద పైకీ కిందికీ జారే ఇత్తడి రింగు ఒకటి ఉంది. డయలు కాలు ఆ రింగు పై ముఖాన్ని తాకుతుంది. కడ్డీ చివర సన్నని చీలిక కోసి, అందులో వంపు మీట ఒకటి మేకు మీద ఆడేలా పెట్టాను. మీట పొడుగు చెయ్యి రెండు అంగుళాలు కిందికి వేలాడి వస్తువును తాకుతుంది. పొట్టి చెయ్యి అర అంగుళం, పక్కకు తిరిగి రింగు కింద ఉంటుంది. కింద ముల్లును నెడితే పైన రింగు లేస్తుంది, డయలు సూది కదులుతుంది. బాల్‌పాయింట్ కలంలోని స్ప్రింగు రింగును తిరిగి కిందికి దించుతుంది. బెజ్జం లోపల తాకడానికి తిన్నని ముల్లు, అంచును బయటి నుంచి తాకడానికి అవతలి వైపుకు వంచిన ముల్లు వేరువేరుగా ఉన్నాయి.

చెయ్యాలనుకునే యువకులకు ఒక మాట. ఇత్తడి రింగు బెజ్జాన్నీ పై ముఖాన్నీ లేతు మీద ఒకే బిగింపులో తిప్పాలి. ముఖం ఏమాత్రం వంకరగా ఉన్నా, ఆ వంకరను డయలు పుల్లీ మీదికి నెట్టేస్తుంది. పరీక్ష తేలిక. ముల్లు దేన్నీ తాకకుండా గాలిలో ఉంచి ఇరుసు తిప్పండి. సూది కదలకపోతే పరికరం మంచిదే.

దీన్ని చూసి మా ఇంజనీరు మిత్రులొకరు, "మీట చేతులు నాలుగుకు ఒకటి కదా, డయలు చూపేది అసలు కదలికలో పావు వంతే. ఇదేం కొలత?" అన్నారు. నిజమే, కానీ ఇక్కడ కావలసింది కొలత కాదు, సమానం. ముల్లు కుడి వైపున ఉన్నప్పుడూ ఎడమ వైపున ఉన్నప్పుడూ సూది ఒకే చోట నిలిస్తే చాలు. నిలవకపోతే ఆ రెంటికీ మధ్యకు సూది వచ్చేదాకా బల్లను జరపాలి. తేడా మొత్తం జరిపితే ఎదుటి వైపు అంత తప్పూ వస్తుంది. ఎప్పుడూ సగమే. తర్వాత ముందు వెనకలు, మళ్ళీ ఒకసారి కుడి ఎడమలు. చివరికి బల్లను బిగించి మరోసారి చూడాలి, బిగింపులో అది కాస్త జరగవచ్చు. ఇదంతా మోటారు ఆపి, ఇరుసును చేత్తో తిప్పుతూ చేసే పని. నా డయలులో ఒక గీత అంగుళంలో వెయ్యో వంతులో సగం. లెక్క వేస్తే, నడిమి ఒక వెయ్యో వంతు తప్పితే సూది మొత్తం ఒక గీత ఊగుతుంది. గారెల పిండికి అంతకన్నా నిక్కచ్చి అక్కర్లేదు.

ఇప్పుడు అసలు తిరకాసు. సెంటరు దేన్ని చూసి పట్టాలి? బెజ్జంలో పని గనుక బెజ్జాన్నే చూసి పడదామనిపిస్తుంది. కానీ చెడింది ఆ బెజ్జమే. ఒక పక్కకు అరిగిన దానికి సెంటరు పడితే అరుగుదలకే సెంటరు పట్టినట్టు. కొత్త బుష్షు వంకర చోటే కూర్చుంటుంది, గ్రైండరు మళ్ళీ ఊగుతుంది. అందుకని పుల్లీలో అరగని చోటు వెతకాలి. బెల్టు గాడి లోపల రాసుకుంటుంది గాని బయటి అంచును ముట్టుకోదు. పైగా ఆ అంచు మీద లేతు తిప్పిన సన్నని గీతలు ఇంకా కనబడుతున్నాయి. అంటే ఫ్యాక్టరీలో ఎలా తయారైందో అలాగే ఉంది. ఆ అంచుకు వంపు ముల్లు ఆనించి, సూది నిలిచేదాకా బల్లను జరిపాను. ఆ తర్వాత బల్లను కదపకుండా, తిన్నని ముల్లు మార్చి బెజ్జంలోకి దించాను. సూది 12 గీతలు ఊగింది. బెజ్జం నడిమి అసలు నడిమి నుంచి దాదాపు 12 వెయ్యో వంతులు పక్కకు జరిగిందన్నమాట.

ఇక తొలవడం, బుష్షు బిగించడం మామూలు పనే. సోదరి గారు గ్రైండరు మీద నిండు గ్లాసు నీళ్ళు పెట్టి మీట నొక్కారు. నీళ్ళు వణికాయి గాని చుక్క కూడా ఒలకలేదు. మా ఆవిడ మాత్రం, "ఒక్క పుల్లీ కోసం మూడు వారాలు కూర్చుని ఇంకో మిషను చేశారా? కొండను తవ్వి ఎలుకను పట్టినట్టుంది" అంది. ఎలుక దొరికింది కదా అన్నాను.

మన ఇళ్ళలో ఊరి నుంచి తెచ్చుకున్న గ్రైండర్లు, కుట్టు మిషన్లు ఇంకా చాలా ఉన్నాయి. ఊగుతున్నదని పారేసే ముందు ఒకసారి విప్పి, అరగని అంచు ఏదైనా మిగిలిందేమో చూడండి. మిగిలితే దాన్ని పట్టుకుని తక్కినదంతా దారిలో పెట్టవచ్చు. పరికరం మా గరాజులోనే ఉంది. కావలసిన వారు శనివారం మధ్యాహ్నం రావచ్చు. పిల్లలను కూడా తీసుకురండి, సూది నిలిచే క్షణం వాళ్ళు చూడాలి. వచ్చే సంచికలో కుట్టు మిషను సంగతి చూద్దాం. అంతవరకు సెలవు.