నత్తలకు మేత వేస్తున్నది ఎవరు?

చేపల తొట్టె నత్తలతో నిండిపోయిందని, వాటిని చంపే మందేదైనా సూచించమని ఒక సోదరి మాకు వ్రాశారు. పిల్లలు ముచ్చటపడితే నాలుగు రంగు చేపలను, రెండు నీటి మొక్కలను తెచ్చారట. నెల తిరిగేసరికి అద్దం నిండా కందిగింజలంత నత్తలు. దుకాణంవారు ఒక నీలి మందు సీసా ఇచ్చారు గాని, పోయడానికి చేయి రాక ముందుగా మమ్మల్ని అడిగారు. చేయి రాకపోవడమే మేలైంది.

అటువంటి సీసాలలో చాలావాటిలో ఉండేది రాగి లవణం. మన రైతులెరిగిన మైలతుత్తం ఆ కోవదే. రాగి నత్తను చంపుతుంది, సందేహం లేదు. తొట్టెలో రొయ్యలుంటే వాటినీ వదలదు. మోతాదు మించితే చేపలకూ విషమే. అంతటితో పోదు. వంద నత్తలు ఒక్కసారిగా చచ్చి గులకరాళ్ల మధ్య కుళ్లితే అమ్మోనియా పుడుతుంది. మందును తట్టుకున్న చేప కూడా దానిని తట్టుకోలేదు.

కనుక మందు మాట పక్కనబెట్టి, ఆ నత్తలు ఏమి తిని బ్రతుకుతున్నాయో చూద్దాం. అవి వచ్చింది మొక్కలతోనే. ఆకు వెనుక జిగురు ముద్దలో ఉండే గుడ్లు కంటికి ఆనవు. తొట్టెలలో తరచుగా కనిపించే చిన్న నత్త ఒక్కటే ఆడా మగా కూడా. జత లేకున్నా సంతానం కలుగుతుంది. ఇసుకలో దూరి ఉండే కోసుగా ఉన్న నత్త అయితే గుడ్లు పెట్టదు, పిల్లలనే కంటుంది. రావడం మొక్కలతో, పెరగడం మాత్రం మన మేతతో. చేపలు వదిలేయగా అడుగున మిగిలినదే వాటికి విందు. ఇంట్లో నలుగురు పిల్లలుంటే నలుగురూ చిటికెడు చొప్పున వేస్తారు. పాపం ఆకలిగా ఉన్నట్టుందని దాదీమా మరో చిటికెడు వేస్తారు. మనిషి కనబడితే చాలు, చేప అద్దం దగ్గరకు వస్తుంది. అది ఆకలి కానక్కరలేదు.

మేత వేసే బాధ్యత ఒక్కరికే అప్పగించండి. రెండు మూడు నిమిషాలలో చేపలు తినగలిగినంతే వేయాలి. వారానికొకసారి గొట్టంతో అడుగున పేరుకున్న మలినాన్ని లాగి, నాలుగవ వంతు నీరు మార్చండి. రాత్రి దీపం ఆర్పాక ఒక కీరదోస ముక్కను అడుగున ఉంచి, ఫజ్ర్ నమాజు తరువాత చూడండి. దానిని నత్తలు ముసురుకొని ఉంటాయి. ముక్కతో సహా తీసివేయవచ్చు. కొన్ని వారాలు ఓపిక పట్టాలి. బొత్తిగా లేకుండా పోవు, పోనవసరమూ లేదు. పాచిని, మిగులు మేతను తినే పది నత్తలున్న తొట్టె మా దృష్టిలో మంచి తొట్టే.

తీసిన నత్తలపై పిల్లలు ఉప్పు చల్లి వేడుక చూస్తారు. అది తగదు. ప్రాణం తీయవలసి వచ్చినప్పుడు కూడా మేలైన రీతినే పాటించమని దైవప్రవక్త (స) బోధించారు కదా. రాతితో ఒక్క దెబ్బ చాలు.

అద్దంపై తెల్లని దారపు ముక్కలా వేలాడేది హైడ్రా. దానిని గోకి తీయరాదు. తెగిన ముక్కలు మళ్లీ హైడ్రాలవుతాయి. 1740వ దశకంలో అబ్రహాం ట్రెంబ్లే దానిని కోసి చూసి లోకాన్ని నివ్వెరపరచింది ఈ సంగతితోనే. మేత తగ్గితే అదీ తగ్గుతుంది. తూనీగ పిల్లపురుగు మాత్రం చేపపిల్లలను వేటాడుతుంది, కనబడగానే తీసివేయాలి.

పాచి తింటుందని దుకాణాలలో 'సక్కర్' చేపను అంటగడతారు. వేలెడు ఉన్నప్పుడు కొన్నవారు, అది తొట్టెలో పట్టనంత పెరిగాక జాలిపడి చెరువులో వదులుతారు. దక్షిణ అమెరికాకు చెందిన ఆ చేపే నేడు ఆంధ్ర, తెలంగాణ జలాలలో పాకి, ముళ్ల రెక్కలతో జాలరుల వలలు చింపుతున్న దెయ్యం చేప. ఒక ఇంటి జాలి ఎందరి జీవనోపాధికి చేటు తెచ్చిందో చూడండి. నత్తలనైనా, మొక్కలనైనా చెరువులో, కాలువలో వేయకండి. తొట్టె నీటిని పెరటి చెట్టు మొదట పోయండి. మొక్కలను ఎండబెట్టి పారవేయండి. ఇకపై కొత్త మొక్క తెస్తే రెండు మూడు వారాలు వేరే బకెట్‌లో ఉంచి, నత్తలు తేలితే ఏరివేసిన తరువాతనే తొట్టెలో నాటండి.

ఇక ఆ నీలి సీసాను మోరీలో కుమ్మరించకండి సోదరీ. మూత తీయకుండా దుకాణంలోనే తిరిగి ఇచ్చివేయండి.