ఎంత ఎత్తు దూకిందని అడక్కండి!

మా అమ్మాయి గుర్రపు స్వారీ నేర్చుకుంటోందని తెలిసిన దగ్గర్నుంచీ బంధువులందరిదీ ఒకటే ప్రశ్న. "ఎంత ఎత్తు దూకుతోంది?" నిజం చెప్పొద్దూ, మొదట్లో నేనూ అదే అడిగేదాన్ని. అంతంత ఫీజు కడుతున్నాం, ఫలితం కనబడాలి కదా!

ఆర్నెల్లకే అడ్డకర్రను 80 సెంటీమీటర్లకు పెంచారు. మురిసిపోయాను. తర్వాతి వారమే గుర్రం కర్ర ముందు ఠక్కున ఆగిపోయింది. పిల్ల ముందుకు తూలి పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. "మొండి గుర్రమండీ" అని మాస్టారు దాన్ని నాలుగు బాదారు. నేనూ నమ్మాను.

ఆయన వెళ్లిపోయాక కొత్తగా ఒకావిడ వచ్చారు. వస్తూనే అడ్డంకులన్నీ తీయించేసి, నాలుగున్నర అడుగులకొకటి చొప్పున నేలమీద నాలుగు కర్రలు పరిపించారు. ట్రాట్ నడకలో వాటిని తగలకుండా దాటాలి, అంతే. ఇదేం శిక్షణ, తొక్కుడుబిళ్లా? అనుకున్నాను. తీరా చూస్తే, కాలెక్కడ వేస్తున్నదీ గుర్రం తనంతట తాను చూసుకోవడం, అడుగులు సమంగా పడటం, వీపు సాగడం అన్నీ అక్కడే మొదలు. తరువాత మోకాలి ఎత్తు అడ్డంకులు వరసగా పెట్టారు. దౌడులో గుర్రం అంగ సుమారు 12 అడుగులు. ఆ లెక్కన దూరాలు కొలిచి పెడితే ఎక్కడ లేవాలో దానికే తెలుస్తుంది.

అసలు తప్పు బయటపడింది అప్పుడే. పగ్గాలు ముడివేసి, చేతులు బార్లా చాపి ఆ వరస దాటమంటే మా పిల్ల దాటలేకపోయింది! ఇన్నాళ్లూ పగ్గాలు పట్టుకుని వేలాడుతోందన్నమాట. దూకిన ప్రతిసారీ నోట్లో కళ్లెం గుంజుకుంటుంటే ఏ ప్రాణి మాత్రం దూకుతుంది చెప్పండి? గుర్రం తలకు స్వేచ్ఛ ఇవ్వాలి, రౌతు దానితోపాటు ముందుకు వంగాలి అని కాప్రిల్లి అనే ఇటలీ సైనికాధికారి వందేళ్ల కిందటే నేర్పాడట. దెబ్బలు మాత్రం ఆ మూగజీవి తింది.

"ఆడపిల్లకి అంత బలం ఎక్కడిది?" అనేవాళ్లూ ఉన్నారు. ఒలింపిక్స్ గుర్రపు స్వారీలో ఆడా మగా ఒకే బరిలో, ఒకే పతకానికి పోటీపడతారు. దూకుడు పోటీల్లోకి ఆడవాళ్లను 1956లో రానిచ్చారు. ఆ ఏడే బ్రిటన్ జట్టుతో కాంస్యం అందుకుంది పాట్ స్మైత్. బలం సంగతే అయితే అరటన్ను గుర్రం ముందు మగాడి బలం మాత్రం ఏపాటిది?

పిల్లల్ని చేర్పించే తల్లులకు నేను చెప్పేదొకటే. ఎత్తు పెంచమని మాస్టార్లను తొందరపెట్టకండి. రికాబులు లేకుండా కూర్చోగలుగుతోందా, చేతులు వదిలి దాటుతోందా, అది చూడండి. ఎత్తు చూసి ఫీజులు కట్టే మనవల్లే కొంత చేటు జరుగుతోంది.

ఏడాది గడిచింది. అదే మొండి గుర్రం. అడ్డకర్ర ఇప్పుడు 70 దగ్గరుంది, అంటే పిల్ల పడినప్పటికంటే తక్కువే! మొన్న మా ఆడపడుచు ఫోన్‌లో మళ్లీ అదే ప్రశ్న. "పగ్గాలు వదిలేసి అయిదూ దాటింది వదినా" అన్నాను. "అది సరేలే, ఎత్తెంత?" అంది.