ఎనిమిది తలుపుల చప్పుడు

పిల్లలూ, మీ వీధిలో పాత అంబాసిడర్ కారు ఎక్కడైనా ఉంటే, అది బయలుదేరే ముందు ఒక్క నిమిషం పక్కన నిలబడి వినండి. ముందున్న మూత కింద నుంచి "టిక్ టిక్ టిక్" మని సన్నని చప్పుడు వస్తుంది. పక్కింట్లో ఎవరో కుట్టుమిషను తొక్కుతున్నట్టు ఉంటుంది. పోయిన నెల సైకిలు గొలుసు సంగతి చెప్పుకున్నాం గదా, ఈ నెల ఈ చప్పుడు సంగతి చెప్పుకుందాం.

అంబాసిడర్ కారు ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు నమూనా మీద తయారయింది. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో హిందుస్తాన్ మోటార్స్ వారు 1950ల చివర దీన్ని చెయ్యటం మొదలుపెట్టారు. 2014లో ఆపేశారు. ఇప్పుడు మిగిలినవి ఎక్కువగా ముచ్చటపడి ఉంచుకున్నవారి ఇళ్ళలో ఉన్నాయి.

మా పెదనాన్నగారికి ఏలూరులో అలాంటి కారొకటి ఉండేది. నల్లటి కారు. ఆయనకు దాని మీద ఎంత ప్రేమో, దాని చప్పుడు మీద అంత చిరాకు. 1976లో మా చిన్న చెల్లెలి పుట్టువెంట్రుకలు తీయించటానికి అందరం తిరుపతి వెళ్ళాలనుకున్నాం. "కొండకు పోయే కారు ఇట్లా గోల చేస్తుంటే ఏం బాగుంటుంది? చప్పుడన్నది వినపడకూడదు!" అని పెదనాన్నగారు షెడ్డులో కూచుని మరీ చెప్పి చేయించారు. ఆయన మాట కాదనేవారెవరు? సాయంత్రానికి కారు పిల్లిలాగా ఇంటికొచ్చింది. పెదనాన్నగారు వీధి వీధంతా తిప్పి అందరికీ వినిపించారు, అంటే ఏమీ వినిపించకుండా చూపించారు.

నాలుగు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం. నెల్లూరు దాటేటప్పటికి కారు వణకటం మొదలుపెట్టింది. తిరుపతి చేరి, కొండ ఎక్కటానికి అలిపిరి వైపు తిరిగితే చిన్న ఎత్తు కూడా ఎక్కలేకపోయింది. మేమంతా దిగి బస్సులో కొండకు పోయాం. కారును నలుగురు తోసుకుంటూ ఒక షెడ్డుకు చేర్చారు.

మర్నాడు మేము దిగి వచ్చేసరికి అక్కడి ముసలి మెకానిక్కు ఇంజను పైభాగం విప్పి పెట్టాడు. ఒక ఇనుప ముక్క నా చేతిలో పెట్టాడు. కాడ పొడుగ్గా ఉన్న పుట్టగొడుగులా ఉందది. దాని తల గుండ్రంగా ఉండవలసింది, అంచున ఒకచోట కొరికిన అప్పడంలాగా ఉంది.

"చప్పుడు చేసే తలుపు నాలుగు నాళ్ళు బతుకుతుంది సామీ. నోరు మూసుకున్న తలుపే కాలిపోతుంది," అన్నాడు.

పెదనాన్నగారు మారు పలకలేదు. ఆయన మారు పలక్కపోవటం నేను చూడటం అదే మొదలు.

ఇంతకూ ఏమిటా తలుపులు? ఇంజనులో పెట్రోలు మండేది సిలిండరు అనే గొట్టంలో. అంబాసిడరుకు అటువంటివి నాలుగు. పెట్రోలు, గాలి కలిసి లోపలికి రావటానికి ఒక దారి, మండిన పొగ బయటికి పోవటానికి ఒక దారి, ఒక్కొక్క సిలిండరుకు ఉంటాయి. ఒక్కొక్క దారికీ ఒక తలుపు. మొత్తం ఎనిమిది. షెడ్డులో వీటిని వాల్వులంటారు. మీ సైన్సు పుస్తకంలో కవాటాలంటారు. మన గుండెలోనూ కవాటాలున్నాయి గదా, పని అదే: ఒకవైపు పోనివ్వటం, రెండోవైపు రానివ్వకపోవటం.

ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరిగితే ఒక్కొక్క తలుపూ 1500 సార్లు తెరుచుకుంటుంది. అంటే సెకండుకు 25 సార్లు! ఇంత వేగంగా దాన్ని తెరిచేదెవరు? ఇంజను పక్కన క్యాం షాఫ్టు అనే కడ్డీ తిరుగుతూ ఉంటుంది. దాని మీద గుడ్డు ఆకారంలో ఎనిమిది బుడిపెలుంటాయి. బుడిపె పైకి వచ్చినప్పుడు ఒక సన్నని నిలువు కడ్డీని పైకి తోస్తుంది. ఆ కడ్డీ రాకరు అనే అడ్డబద్ద కొసను ఎత్తుతుంది. రాకరు అచ్చం బావి దగ్గర ఏతం లాంటిది. ఒక కొస లేస్తే రెండో కొస దిగి తలుపును నొక్కుతుంది. బుడిపె దాటిపోగానే గట్టి స్ప్రింగు తలుపును మళ్ళీ మూసేస్తుంది.

మూసుకున్నప్పుడు రాకరు కొసకూ తలుపు కాడకూ మధ్య కొంచెం సందు ఉండాలి. ఆ సందు దాటి రాకరు కొస కాడను తట్టినప్పుడే "టిక్" మనేది. మరి సందెందుకు? ఇనుము వేడెక్కితే సాగుతుంది. ఒక మీటరు ఉక్కు కడ్డీని 100 డిగ్రీలు వేడిచేస్తే ఒక మిల్లీమీటరుకు కాస్త ఎక్కువే పెరుగుతుంది. తలుపు కాడ మీటరు పొడుగు ఉండదు గాని, పొగ పోయే తలుపు కొలిమిలో ఇనుములా ఎర్రబడేటంత కాలుతుంది. సందు లేకపోతే సాగిన కాడ పైకి పోవటానికి చోటు లేక, తలుపు పూర్తిగా మూసుకోదు.

పూర్తిగా మూసుకోకపోతే ఏం పోయింది అంటారా? అక్కడే ఉన్నది అసలు కిటుకు. కాలిన తలుపు చల్లబడేది మూసుకున్నప్పుడే. దాని అంచు పీటకు ఆనుకుని, వేడిలో చాలా భాగం ఆ పీట గుండా, దాని వెనక తిరిగే నీళ్ళలోకి పోతుంది. వెంట్రుక వాసి తెరుచుకుని ఉన్నా ఆ వేడి పోయే దారి మూసుకుపోతుంది. పైగా ఆ సన్నని సందులోంచి మంట కంసాలి ఊదుగొట్టం మంటలాగా చిమ్ముకొస్తుంది. అంచు అప్పడంలా విరిగేది అందుకే. చప్పుడు పోగొట్టటానికి పెదనాన్నగారు సందులన్నీ బిగింపించేశారన్నమాట!

సందు మరీ ఎక్కువైనా మంచిది కాదు. తలుపు ఆలస్యంగా తెరుచుకుంటుంది, తొందరగా మూసుకుంటుంది, ఇంజను బలం తగ్గుతుంది, రాకర్లు అరుగుతాయి. కాని ఆ తప్పు అరిచి చెబుతుంది. రెండోది చెప్పదు.

పాత కార్లకు ఇంకొక చిక్కు ఉన్నది. పూర్వం పెట్రోలులో సీసం కలిపేవారు. ఆ సీసం తలుపుల పీటలు అరగకుండా కాపాడేది. కాని పొగలో వచ్చే సీసం విషం, ముఖ్యంగా పిల్లల మెదడుకు. 2000లో మన దేశమంతటా సీసం పెట్రోలు ఆపేశారు. మంచి పనే. పాత ఇంజనులో మాత్రం పీట కొంచెం కొంచెం అరిగి తలుపు లోపలికి దిగుతుంది, కాడ పైకి వస్తుంది, సందు దానంతటదే తగ్గిపోతుంది. అందుచేత పాత కారున్నవారు అప్పుడప్పుడు చూసుకోక తప్పదు.

ఆ తరువాత ప్రతిసారీ ఈ పని ఇంట్లోనే చేశాం. మీ ఇంట్లో ఇట్లాంటి కారు ఉంటే, నాన్నగారు పని చేస్తుండగా మీరూ సాయం చెయ్యవచ్చు. పెద్దవాళ్ళు లేకుండా మాత్రం మూత ఎత్తవద్దు.

ముందు తాళంచెవి తీసి జేబులో వేసుకోవాలి. గేరు న్యూట్రల్లో పెట్టి, చేతి బ్రేకు లాగాలి. నాలుగు స్పార్కు ప్లగ్గులూ విప్పితే ఇంజను తేలిగ్గా తిరుగుతుంది. ముందునుంచి హ్యాండిలు పెట్టి తిప్పేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ళ పక్కనే ఉంచాలి, చుట్టి పట్టుకోకూడదు. వెనక్కి తన్నితే బొటనవేలు విరుగుతుంది. ప్లగ్గులు తీసినా ఈ అలవాటు మంచిది.

పైన రేకు మూత తీస్తే ఎనిమిది రాకర్లు బారులు తీరి కనిపిస్తాయి. సందు కొలవటానికి ఫీలర్ గేజి అని ఉంటుంది, చాకు మడతల్లాగా పలచని ఉక్కు రేకుల కట్ట. అంగుళంలో వెయ్యో వంతును మెకానిక్కులు "థౌ" అంటారు. మా కారు పుస్తకంలో 15 థౌ అని ఉన్నది. అంటే 0.38 మిల్లీమీటరు, నాలుగైదు వెంట్రుకల మందం. ఇంజను చల్లగా ఉన్నప్పుడు చూడాలా, వేడిగా ఉన్నప్పుడా అన్నది కూడా పుస్తకమే చెబుతుంది. ఒక కారు లెక్క ఇంకొక కారుకు పనికిరాదు.

తలుపు బాగా మూసుకుని, దాని బుడిపె పూర్తిగా అవతలికి తిరిగి ఉన్నప్పుడే కొలవాలి. బుడిపె లోపలెక్కడో ఉన్నది, కనపడదు. ఎట్లా తెలుస్తుంది? ఇక్కడ మీ లెక్కలు పనికొస్తాయి. తలుపులకు ముందునుంచి 1 మొదలు 8 వరకు నంబర్లు వెయ్యండి. 8వ తలుపు పూర్తిగా తెరుచుకుని ఉన్నప్పుడు 1వ తలుపు కొలవాలి. 6వది తెరుచుకుంటే 3వది. 2వది తెరుచుకుంటే 7వది. ఎప్పుడూ రెండూ కలిపితే 9! ఇది కనికట్టు కాదు. 1, 4 సిలిండర్లు జంట, 2, 3 జంట. జంటలో ఒకదాని తలుపు తెరుచుకుంటే, రెండోదాని అదే తలుపు బుడిపె సరిగ్గా సగం చుట్టు అవతల ఉంటుంది. తలుపులు కూడా అద్దంలో బొమ్మలాగా రెండువైపులా ఒకే వరసలో ఉన్నాయి. ఆ వరస లేని ఇంజనులో ఈ తొమ్మిది లెక్క కుదరదు.

నేను పక్కన నిలబడి "ఐదు తెరుచుకుంది, నాలుగు కొలవండి!" అని అరిచేవాణ్ణి. పెదనాన్నగారు రాకరు మీది నట్టు స్పానరుతో వదులు చేసి, మధ్యనున్న స్క్రూను తిప్పి, రేకు దూర్చి లాగేవారు. బరువైన పుస్తకం కింది నుంచి కాగితం లాగినట్టు కొంచెం పట్టి వదలాలి. నట్టు బిగించేటప్పుడు స్క్రూ తనూ కాస్త తిరుగుతుంది. అందుకని బిగించాక మళ్ళీ కొలవాలి. ఈ రెండోసారి కొలత ఎగ్గొట్టేవారే ఎక్కువ.

మూత పెట్టేటప్పుడు కింద బెండు పట్టీ పగిలిందేమో చూడాలి, లేకపోతే నూనె కారుతుంది. ఇంజను నడిపి వినేది ఆరుబయటే. మూసిన గదిలో ఆ పొగ ప్రాణం తీస్తుంది.

ఆనాటి నుంచి పెదనాన్నగారు రోజూ పొద్దున కారు స్టార్టు చేసి, "ఒరే, చప్పుడు వినపడుతోందా?" అని నన్నడిగేవారు. వినపడుతోందంటేనే గేరు వేసేవారు.

ఇక మీకొక లెక్క. ఆరు సిలిండర్లు వరసగా ఉన్న ఇంజనుకు 12 తలుపులుంటాయి. అవి కూడా అద్దంలో బొమ్మలాగా వరసగా ఉండి, 1కి 6, 2కి 5, 3కి 4 జంటలైతే, రెండు నంబర్లూ కలిపి ఎంత రావాలి? జవాబు వచ్చే నెల.