మమకారమా, మంకుపట్టా?

మొన్న మా వీథిలో నొక యిల్లాలు ఆరేండ్ల కుమారుని టైఫాయిడు జ్వరమునకు గోల్పోయెను. పరామర్శకు వచ్చిన పెద్దమనిషి యొకరు, ఆమె యేడ్చుచుండగా, "అమ్మా, మమకారమే పునర్జన్మకు మూలమని బుద్ధుడంతటివాడు చెప్పినాడు. ఈ యేడుపు నిన్ను మరల సంసారములో పడద్రోయును" అని బోధించిరి. అందఱును తలలూచిరి. నేనును అచ్చటనే యుండి నోరు మెదపలేదు. ఆ మౌనమునకు ప్రాయశ్చిత్తముగా ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

బుద్ధుడు వాడిన మాట ఉపాదానము. ద్వాదశ నిదానములలో నిది తొమ్మిదవది. తృష్ణవలన ఉపాదానము, ఉపాదానమువలన భవము, భవమువలన జన్మము. పాలిభాషలో ఈ మాటకు రెండర్థములు గలవు: గట్టిగా పట్టుకొనుట యొకటి, నిప్పునకు వేయు వంటచెఱకు రెండవది. వత్సగోత్రుడను పరివ్రాజకునితో బుద్ధుడు ఈ పోలికనే చెప్పెను: కట్టె యున్ననే అగ్ని మండును, లేకున్న మండదు, అట్లే ఉపాదానము గలవానికే పునర్భవము. ఆత్మ యొకటి వస్త్రము మార్చినట్లు దేహము మార్చుచున్నదని ఆయన చెప్పలేదు. ఒకే విజ్ఞానము జన్మజన్మలకు తిరుగుచున్నదని వాదించిన సాతి యను భిక్షువును ఆయన గట్టిగా మందలించెను.

ఆ కట్టెలు నాలుగు విధములు. కామోపాదానము: భోగములపై పట్టు. దృష్ట్యుపాదానము: మన యభిప్రాయములపై పట్టు. శీలవ్రతోపాదానము: ఆచారములును వ్రతములును తమంతట తామే తరింపజేయునను పట్టు. ఆత్మవాదోపాదానము: "నేను" అను భావముపై పట్టు. మన బోధకులు మొదటిదానినే పట్టుకొని, దానినిగూడ ఆడుదాని కన్నీటిపైకి త్రోసి, తక్కిన మూటిని చల్లగా విడిచిపెట్టుదురు. ఏలయనగా ఆ మూడును తమ యింటి పొయ్యిలోనివి!

నూతినీరు కాచి త్రాగుడని వైద్యుడు వీథివారితో చెప్పినప్పుడు, "మన తాతలు కాచుకొని త్రాగిరా?" యని నవ్వినది ఈ పెద్దమనిషియే. రాబోవు జన్మమున కలవారింట పుట్టుటకై నోములకును దానములకును పట్టిక వ్రాసికొన్నదియు వారే. చదువరులారా, ఎవరి పొయ్యిలో కట్టె లెక్కువగా నున్నవో మీరే చెప్పుడు.

పుత్రునిపై తృష్ణమాత్రము తృష్ణ కాదా యని యడుగుదురేమో. తృష్ణయే, బుద్ధుడు కాదనలేదు. కాని శోకార్తురాలి యెడల ఆయన నడచిన తీరు చూడుడు. శ్రావస్తిలో కృశగౌతమి చనిపోయిన బిడ్డను చంకనెత్తుకొని మందడుగుచు వచ్చెనని బౌద్ధకథ. ఆయన ఆమెను పునర్జన్మము పేరు చెప్పి బెదరింపలేదు; చావెఱుగని యింటినుండి ఆవాలు తెమ్మనెను. ఆమె యిల్లిల్లు తిరిగి, తన దుఃఖము లోకమందఱిదియు నని తానే తెలిసికొనెను. పట్టు సడలించుట యనగా అది. ఏడ్చువారి నోరు మూయుట కాదు.

సంస్కర్తల మనుకొను మనకును ఇందులో పాలు గలదు. తన ధర్మమును సైతము ఏరు దాటుటకు తెప్పవలె వాడుకొనవలెనే గాని, ఒడ్డు చేరిన పిదప తలపై మోయరాదని బుద్ధుడు చెప్పెను. మనము వాదమున గెలుచుటకై తెప్పను మోయుచు, మునుగుచున్నవారిని మఱచుచున్నాము. నాటి నా మౌనముగూడ నొక పట్టే: నలుగురిలో మంచివాడనను పేరుపై పట్టు.

ఆ యిల్లాలికి మఱియొక బిడ్డ గలదు. ఆ బిడ్డకు నేడు కావలసినది కాచిన నీరు. మన వేదాంతము కాదు.